విక్టోరియా సోమవారము

(కర్నూలు పట్టణమున ఒక పఠనమందిరపు సభలో, కెనడా దేశమున నివసించుచు సెలవుపై స్వస్థలమునకు వచ్చిన ఆంధ్రుడొకడు చేసిన ఉపన్యాసపాఠము)



ఈ మందిరపు బల్లలమీద పత్రికలు చదివి పెరిగినవాడను. నన్ను కెనడా దేశమును గూర్చి మాటలాడుమని మీరు కోరితిరి. ఆ దేశము చాల పెద్దది. నేను చూచినది చాల కొంచెము. కనుక దేశమును విడిచి, ఆ దేశపు పంచాంగమునుండి ఒక్క దినమును మాత్రము తీసికొని మీ ముందుంచెదను. మే నెలలో వచ్చెడి ఒక సోమవారమది. ఆ దినమువలన నేను నవ్వితిని, కూలి పోగొట్టుకొని మరల సంపాదించితిని, తుదకు సిగ్గుపడితిని. అన్నియు చెప్పెదను.

అక్కడ ఏటేట కొన్ని సోమవారములు సెలవుదినములు. శని, ఆదివారములతో కలిసి మూడుదినముల విరామమగును. దీనినే వారు లాంగ్ వీకెండ్ అందురు. మన పండుగ తిథిని అనుసరించి ఏ వారముననైనను వచ్చును. వారు పండుగనే తెచ్చి సోమవారపు గుంజకు కట్టివేసిరి. ఫిబ్రవరిలో కుటుంబదినము, మేలో విక్టోరియా దినము, ఆగస్టులో ఒక సోమవారము, సెప్టెంబరులో కార్మికదినము, అక్టోబరులో కృతజ్ఞతాదినము. ఆగస్టు సోమవారమునకు రాష్ట్రమునకొక పేరు, ఊరికొక పేరు! పేరు కుదరకున్నను సెలవు కుదిరినది. ఆరునెలల మంచులో మగ్గినవారికి సెలవు ఏల అని అడిగెడి ఓపిక ఉండదు కాబోలు.

నేను 2012వ సంవత్సరము మార్చి నెలలో టొరంటో చెంతనున్న బ్రాంప్టను నగరమున దిగితిని. భార్యను, మూడేండ్ల కూతును ఇచటనే విడిచి పోయితిని. చదివిన చదువునకు తగిన ఉద్యోగము వెంటనే దొరకలేదు. కూలీలను కుదిర్చెడి ఒక ఏజెన్సీవారు నన్నొక గిడ్డంగిలో పెట్టెలు మోయుటకు పంపిరి. మే నెల మూడవ వారమున గిడ్డంగి యంతయు ఒకటే ప్రశ్న: "లాంగ్ వీకెండునకు ఏమి చేయుచున్నారు?" మేస్త్రీ అడిగెను, లారీ డ్రైవరు అడిగెను, కాఫీ అంగడిలోని పిల్ల అడిగెను. ఏమియు లేదని చెప్పినచో జాలిపడిరి. తరువాత తెలిసినది, అది మన "భోజనమైనదా?" వంటి కుశలప్రశ్నయే; ఉత్తరము కొరకు అడిగినది కాదు.

శుక్రవారము మధ్యాహ్నము కాగానే నగరము ఖాళీ కాజొచ్చినది. సంక్రాంతికి ముందు హైదరాబాదునుండి విజయవాడ దారిలో పంతంగి టోలుగేటువద్ద నిలిచెడి కార్ల వరుసను మీరు చూచియుందురు. ఉత్తరమునకు పోవు 400వ నంబరు రాజమార్గమున ఆ సాయంకాలము అట్టిదే వరుస. ఒక్క భేదము: మనవారు అమ్మయొద్దకు, అత్తవారియింటికి పోవుదురు; వారు చెట్లయొద్దకు, నీటియొద్దకు పోవుదురు. కారు నెత్తిన బోల్తాగా కట్టిన చిన్నపడవ, వెనుక సైకిళ్లు, లోపల కుక్క. సరస్సుల చెంత వేసవి కొరకు కట్టుకొన్న కొయ్యయిండ్లు చలికాలమంతయు మూసియుండును. వాటి తలుపులు తెరచి, గొట్టములలో మరల నీరు వదలి, ఎలుకలు కాపురము చేసిన పరుపులు దులిపి, పడవరేవు చెక్కలను నీటిలోనికి దించుటకు ఇదే ముహూర్తము. బీరుసీసాలు ఇరువదినాల్గు గల పెట్టెకు "టూ ఫోర్" అని పేరు. రాణి జన్మదినము మే 24. రెండును కలిపి ఆ సెలవునకే "మే టూ ఫోర్" అని ముద్దుపేరు పెట్టిరి. మహారాణీగారి గౌరవము బీరుపెట్టెమీద నిలిచినది!

నా మొదటి విక్టోరియా దినము ఇట్లు గడచినది. సోమవారము ఉదయము పాలు లేవు. అరమైలు నడిచితిని. అంగడి మూసియున్నది. ఇంకొకటి మూసియున్నది. ఆ దినమున చాలవరకు అంగళ్లు తెరువరాదని ఆ రాష్ట్రమున చట్టమే కలదని నాకెవ్వరు చెప్పిరి? బస్సు ఆదివారపు వేళల ప్రకారము ఎప్పుడో ఒకటి వచ్చినది. గదికి వచ్చి నల్లటి టీ త్రాగి కిటికీ యొద్ద కూర్చుంటిని. రాత్రి ఎటుచూచినను బాణసంచా. మనకు దీపావళినాడు ఒంటరివాడు లోకములో ఉండడు. ఏ యింటివారో పిలిచి చేతిలో కాకరపువ్వొత్తి పెట్టెదరు. అచట పిలువలేదని వారిని నిందింపను. ఎవరి తోట వారిది, ఎవరి పొయ్యి వారిది. అది వారి మర్యాద. అయినను ఆ రాత్రి నాకు చాల దుఃఖము కలిగినమాట నిజము.

ఇక కూలి సంగతి. ఆ సోమవారమునకు నాకు ఒక్క డాలరును జమకాలేదు. పనిచేయలేదు గనుక రాదని నేననుకొంటిని. నాతో పెట్టెలు మోసెడి పంజాబు సోదరుడొకడు నా చీటీ చూచి కోపగించెను. చట్టము చదువుమనెను. చదివితిని. సెలవునకు ముందరి నాలుగువారముల కూలిని ఇరువదిచేత భాగింపగా వచ్చినది సెలవుదినపు వేతనము. సెలవునకు ముందరి పనిదినమును, పిదప వచ్చు పనిదినమును సకారణము లేక మానకుండిన చాలును. నేను మానలేదు. ఏజెన్సీవారిని అడిగితిని; రేపు రమ్మనిరి; మరల రేపు రమ్మనిరి. నాల్గవమారు చట్టపు కాగితము చేతపట్టుకొని పోయితిని. ఆ వారమే సొమ్ము పడినది.

సోదరులారా! సెలవనునది ప్రభువు దయతో వేసిన బిచ్చము కాదని నేను గ్రహించినది అప్పుడే. 1872లో టొరంటో అచ్చుకూటముల కార్మికులు దినమునకు తొమ్మిదిగంటలకు మించి పనిచేయమని సమ్మె కట్టిరి. ఏప్రిల్ 15వ తేదీన పదివేలమంది ఊరేగింపుగా క్వీన్స్ పార్కునకు నడిచిరి. సమ్మె నాయకులను ఇరువదినలుగురిని చెరపట్టిరి; ఆ యేడే కార్మికసంఘములను చట్టబద్ధము చేయక తప్పలేదు. కార్మికదినపు సెలవు 1894లో శాసనమైనది. మన బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే ఏండ్లకొలది పోరాడగా 1890లో గదా మిల్లు కూలీలకు ఆదివారపు సెలవు దక్కినది! ఈ సభలో ఎందరు ఆ పేరు విన్నారో నాకు తెలియదు. ఆదివారమును మాత్రము అందరమును అనుభవించుచున్నాము.

మరుసటియేడు నా భార్యాబిడ్డలు వచ్చిరి. ఒక చిన్న యిల్లు అద్దెకు తీసికొంటిమి. వెనుక నాలుగుగజముల పెరడు. ఏప్రిల్ చివర ఎండ కాయగానే నా భార్య మురిసి గోంగూర, మిరప, వంగ విత్తినది. పొరుగింట పోర్చుగలు దేశమునుండి వచ్చి స్థిరపడిన వృద్ధుడు కంచెమీదుగా చూచి తల అడ్డముగా ఊపెను. విక్టోరియా దినము రాకమునుపు నేల తాకరాదనెను. మేము వినలేదు. మే రెండవవారమున ఒక్కరాత్రి మంచు పడినది. తెల్లవారునప్పటికి మొలకలన్నియు ఉడికించిన ఆకువలె నల్లబడి వాలియున్నవి.

ఆ ముసలాయన ఆ దినమును రాణిదినముగ ఎరుగడు. అతనికది కార్తె. టమాటా నారుకు ముహూర్తము. ఆలోచించి చూడుడు: మనకు మే 25వ తేదీ ప్రాంతమున రోహిణికార్తె ప్రవేశించును, రోళ్లు పగులునని మన సామెత. కర్నూలులో కొండారెడ్డి బురుజు రాళ్లు పెనమువలె కాలుచున్న ఆ వారముననే, అచట రైతు ఇక మంచు పడదులే అని ధైర్యముతో నారు వేయును. ఒకే సూర్యుడు, ఒకే వారము! ఆ యేటినుండి మా యింట విత్తుటకు ముహూర్తము విక్టోరియా సోమవారమే.

ఒక యేడు మేమును అందరివలె అడవికి పోయితిమి. ప్రభుత్వవనములలో గుడారము వేయు చోటు ఐదునెలల ముందుగా కట్టుకొనవలెను. తిరుపతి దర్శనపు టికెట్టుకన్న సులభమేమియు కాదు. ఆ మూడుదినములు అప్పట్లో ఎన్నో వనములలో మద్యము నిషేధముగ నుండెను. పూర్వము యువకులు చేసిన అల్లరి ఫలము. రాత్రి చలికి పులిహోర గడ్డకట్టినది. పగలు నల్లని చిన్న ఈగలు చెవివెనుక కరచి నెత్తురు తెప్పించినవి. కాలు పెట్టిన జివ్వుమను నీరు. ఇంత కష్టమును సెలవుదినమున కోరి తెచ్చుకొందురా యని నా భార్య నన్నడిగెను. కాని ఉదయమున పొగమంచు సరస్సుమీదనుండి లేచుచుండగా, దూరమున లూన్ అను నీటిపక్షి కూయగా, ముగ్గురమును మాట లేక కూర్చుంటిమి. ఆ మౌనము కొరకే ఆ జనము రాజమార్గమున నాలుగుగంటలు నిలుచుచున్నారని నాకు తోచినది. ఇది మనవారు నేర్వదగినది. మన విహారయాత్రలో మైకు లేక ఒక గంట గడచునా?

ఆ గుడారముననే నా కుమార్తె అడిగినది: "నాన్నా, విక్టోరియా అంటే ఎవరు?"

రాణి అంటిని. ఏ దేశపు రాణి యనినది. ఈ దేశమునకు, మన దేశమునకు గూడ అంటిని. అయితే మన ఊరిలో ఆమెకు సెలవు ఇత్తురా? ఇయ్యరు. ఎందుకు? నేను ఈగలను తోలుచు మాట తప్పించితిని.

ఆ బిడ్డకు ఏమి చెప్పవలసియుండెనో మీకు చెప్పెదను. 1819 మే 24న పుట్టిన ఆమె జన్మదినమును కెనడావారు 1845నుండియే సెలవుగా పాటించిరి. 1901లో ఆమె గతించినపిమ్మట పార్లమెంటు దానిని శాశ్వతము చేసెను. 1952లో మే 25కు ముందువచ్చు సోమవారమునకు మార్చెను. ఇది వారి చరిత్ర. మన చరిత్ర వేరు. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు మహావైభవముతో దర్బారు జరిపి ఆమెను భారతచక్రవర్తినిగా ప్రకటించెను. ఆనాటికి ఈ కర్నూలు, కడప, అనంతపురము, బళ్లారి సీమలు ధాత కరువులో ఎండుచున్నవి. కరువుపనులకు పోయినవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును కొద్ది కాసులును చాలునని టెంపుల్ దొర నిర్ణయించెను. 1871 జనాభాలెక్కకును 1881 లెక్కకును నడుమ మన జిల్లా జనసంఖ్య సుమారు నాల్గవవంతు తగ్గినది. మా జేజి అత్తగారు ఆ కరువునాటికి పసిబిడ్డ. బ్రతికియున్న బలుసాకు తినవచ్చునను మాటను మీరు సామెతగా వాడుదురు. మా జేజి దానిని సామెతగా ఎన్నడును వాడలేదు. అది ఆమె అత్తగారింట ఒకప్పటి భోజనము.

కెనడాకును మనకును గల పాతలెక్క ఇంకొకటి కలదు. 1914 మే 23న, అనగా రాణి జన్మదినమునకు ముందునాడు, కోమగాటా మారు అను ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవరు రేవు చేరినది. వారిలో ఎక్కువమంది పంజాబు సిక్కులు. ఒకే సామ్రాజ్యపు ప్రజలము గదా, మమ్మేల దిగనీయరని వారు వాదించిరి. 1858లో ఆ రాణి పేరిట వెలువడిన ప్రకటన అట్టి సమత్వమునే వాగ్దానము చేసియుండెను. స్వదేశమునుండి ఎక్కడను ఆగక ఒకే ప్రయాణముగ రావలెనను 1908 నాటి నిబంధన చూపి, పూర్వమే అచట నివాసమున్న కొలదిమందిని తప్ప దిగనీయరైరి. రెండునెలలు నీటిపై నిలిపి, జూలై 23న యుద్ధనౌకను తోడుంచి వెడలగొట్టిరి. కలకత్తా చెంత బజ్‌బజ్‌లో దిగినప్పుడు పోలీసుల కాల్పులకు ఇరువదిమంది వరకు కూలిరి. 2016 మే 18న కెనడా ప్రధాని ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. ఆ యేడు విక్టోరియా సోమవారము పడినది ఏ తేదీననుకొందురు? మే 23. ఓడ రేవు చేరిన తేదీయే. నాకు తెలిసినంతలో ఆనాడు బాణసంచా ఏమియు తగ్గలేదు.

ఇవన్నియు తెలిసి నేనేమి చేసితిని? ఇదియే నా సిగ్గు. 2018లో ఆ దేశపు పౌరసత్వము తీసికొంటిని. పౌరుడు కాగోరువాడు నిలుచుండి, చేయెత్తి, కెనడా రాణికిని ఆమె వారసులకును విధేయుడనై యుందునని అప్పుడు ప్రమాణము చేయవలసియుండెను. ఆ రాణి ఎలిజబెత్తు, విక్టోరియాకు మునిమనుమని కూతురు. బలుసాకు తిని బ్రతికిన యింటివాడను ఆ వాక్యమును పలికితిని. గొంతు తడబడలేదు కూడ. మన చట్టము రెండు పౌరసత్వములను ఒప్పదు గనుక భారత పాస్‌పోర్టును తిరిగి యిచ్చివేసితిని. బిడ్డ చదువు, వైద్యము, ఉద్యోగస్థిరత్వము అను కారణములు నాకుండెను. అవి బలమైన కారణములే. వానిని చెప్పి మీ మెప్పు పొందుటకు ఇచటికి రాలేదు. మీలో కొందరికి కోపము రావచ్చును. రావలసినదే.

నా మిత్రులు అచట అందురు: సెలవు వచ్చెను, జీతము వచ్చెను, పేరుతో పనియేమి? ఈ మాటను నేనొప్పను. పేరు మార్చినవారిని అచటనే చూచితిని. క్విబెక్ రాష్ట్రమున ఫ్రెంచివారు అదే సోమవారమున సెలవు తీసికొందురు. కాని 2003నుండి అది దేశభక్తుల దినము. ఏ దేశభక్తులు? 1837, 1838 సంవత్సరములలో, ఆ రాణి సింహాసనమెక్కిన తొలిదినములలోనే, ఆమె ప్రభుత్వముపై తిరుగబడినవారు. పన్నిద్దరిని మాంట్రియలులో ఉరితీసిరి. యాబదియెనమండుగురిని ఆస్ట్రేలియాకు పంపిరి. ఆ రాణి సెలవునే ఆమెపై తిరుగబడినవారికి కట్టబెట్టిన ఆ ఫ్రెంచివారి తెలివిని నేను మెచ్చుకొంటిని! మిగిలిన కెనడాలో 2013లో మార్గరెట్ ఆట్‌వుడ్ మొదలగువారు ఆ దినమునకు ఆదిమజాతుల పేరును గూడ చేర్చుమని కోరిరి, ప్రభుత్వము చేర్చలేదు. 2021లో ఆదిమజాతుల బిడ్డలను ఉంచిన పాతబడుల చెంత గుర్తుతెలియని సమాధులు ఉన్నట్లు వార్త వచ్చినప్పుడు, జూలై 1న విన్నిపెగ్ నగరమున విక్టోరియా విగ్రహమును జనము పడగొట్టిరి. టొరంటో క్వీన్స్ పార్కులో, కార్మికులు నడిచిన ఆ చోటనే, ఇంకొక విక్టోరియా కూర్చుండియున్నది. నేను ఆ ప్రక్కగా పోవునప్పుడు నమస్కరింపను, రాయియు విసరను. విగ్రహము కూల్చుటవలన మా జేజి అత్తగారికి అన్నము పెట్టినట్లు కాదు. పేరు మార్చవలెనని మాత్రము కోరెదను. పౌరుడను గనుక కోరు హక్కు ఇప్పుడు నాకు కలదు.

ఇంకొక మాట మనవారిని గూర్చియే. అచటి తెలుగువారు ఉగాదిని పాడ్యమినాడు చేయరు. వచ్చు శనివారమున చేయుదురు. వరలక్ష్మీవ్రతమునకును వీలు చూతురు. పెండ్లికి, ఓణీల వేడుకకు లాంగ్ వీకెండును చూచి మందిరము కుదుర్చుకొని, ఆ పిమ్మట పురోహితుని ముహూర్తము అడుగుదురు. ఆయనయు పాపము దయతో ఇచ్చును. వారు పండుగను సోమవారమునకు కట్టివేసిరని మొదట నవ్వితిని గదా. మనము శనివారమునకు కట్టివేసితిమి. దీపావళికి సెలవు లేదు. ఆ సాయంకాలము పనినుండి వచ్చి చీకటిలో నాలుగు ప్రమిదలు వెలిగించుటయే. దీనికి నాయొద్ద పరిహారము లేదు.

మా కుమార్తెకు పండ్రెండవయేట, విత్తనములు నాటెడి ఆ సోమవారముననే, ధాత కరువు సంగతి చెప్పితిని. చేతిలో గోంగూర విత్తుల పొట్లముతో విన్నది. ఆ మధ్య పాఠశాలలో విక్టోరియా దినమును గూర్చి వ్రాయుమనగా కర్నూలును గూర్చి వ్రాసినది. ఉపాధ్యాయురాలు చదివి, ఆ కరువు గురించి తానెన్నడును వినలేదని వ్రాసి, ఇంకను చదువుటకు పుస్తకములేవైన కలవా అని అడిగినది. ఆ పుస్తకముల కొరకే ఈ మందిరపు బీరువాలను మూడుదినములుగా వెదకుచున్నాను. మన జిల్లా కరువును గూర్చి మీ యిండ్లలో వ్రాతలు గాని, పెద్దలు చెప్పిన మాటలు గాని ఉన్నచో సభ ముగిసిన పిమ్మట నాకు చెప్పగోరెదను, వ్రాసికొని పోయెదను.

వచ్చునెలలో ఆ సోమవారము మరల వచ్చుచున్నది. పొరుగు వృద్ధుడు ఇప్పుడు తన టమాటా నారులో మాకు సగము ఇచ్చును. మేము అతనికి గోంగూర ఇత్తుము. అతడు దానిని చేపలతో వండునట! ఆ సీమలో గోంగూర ఆకు విస్తారముగ వచ్చును గాని పూచి కాయ ముదురునంతలో అక్టోబరు మంచు చంపివేయును. విత్తనము నిలువదు. ఏటేట ఇండియా అంగడిలో కొనవలసినదే.